సామర్లకోట తోటలో రాక్స్‌బర్గు

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి మోదుగు చెట్టు ఆకులన్నియు రాల్చి మోడై నిలుచును. కొలది దినములకే ముదురు రంగు మొగ్గలు విచ్చి, కొమ్మకొమ్మకు నిప్పురవ్వల వంటి పూవులు పూచి, చెట్టంతయు మండుచున్నట్లు కనబడును. పూవు చిలుక ముక్కువలె వంగియుండుటచే సంస్కృతకవులు దానిని కింశుకమనిరి. తెలుగువారికి అది విస్తరాకు నిచ్చు చెట్టు, వసంతములకు రంగునిచ్చు చెట్టు. వంగదేశమున పలాశమనియు, హిందీ ప్రాంతములలో ఢాక్ అనియు, టేసూ అనియు పిలువబడునది ఇదియే. లోకమందలి వృక్షశాస్త్రజ్ఞులు దీనిని బ్యూటియా అందురు. ఆ పేరుతో ఈ చెట్టును వర్ణించి ప్రకటించినవాడు, గోదావరీ ప్రాంతమున సామర్లకోటలో తోట వేసికొని పండ్రెండేండ్లు కాపురముండిన స్కాట్లండు దేశపు వైద్యుడు విలియం రాక్స్‌బర్గు.

రాక్స్‌బర్గు భారత వృక్షశాస్త్ర పితామహుడని ప్రసిద్ధి కెక్కెను. ఆయన పేరు వినగానే కలకత్తా వనము, లండనులో అచ్చయిన పెద్ద గ్రంథములు పండితుల మనస్సులకు వచ్చును. కాని ఆయన ఈ దేశపు చెట్టుచేమలను చదువుకొన్న మొదటి పాఠశాల తెలుగునేల. ఆయనకు వాని పేర్లు చెప్పిన మొదటి గురువులు తెలుగు పల్లెల జనులు. ఈ సంగతి మనలో పలువురకు తెలియదు.

ఆయన 1751లో స్కాట్లండునందలి ఎయిర్ మండలమున, క్రేగీ అను గ్రామ ప్రాంతమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ కాలమున మందులలో పెక్కు చెట్లనుండియే వచ్చెడివి గనుక వైద్య విద్యార్థి వృక్షశాస్త్రమును నేర్వక తప్పెడిది కాదు. అచట ఆచార్యుడు జాన్ హోప్. స్వీడను దేశీయుడైన లినేయసు కల్పించిన నూతన వర్గీకరణ పద్ధతిని బ్రిటనులో మొదట బోధించినవారిలో ఆయన యొకడు. గురువుగారి వనములో నేర్చిన ఆ పద్ధతియే శిష్యునకు జీవితాంతము తోడుపడెను. ఈస్టిండియా కంపెనీ ఓడలలో కొంతకాలము వైద్యసహాయకుడుగా పనిచేసి, 1776లో రాక్స్‌బర్గు మదరాసునందు కంపెనీ వైద్యశాఖలో చేరెను.

కనిపించినదానిని గుర్తుంచుకొనుటతో తృప్తిపడక, దినదినము వ్రాసిపెట్టు అలవాటు ఆయనకు మొదటినుండియు కలదు. మదరాసునందును, పిదప నాగూరునందును ఆయన రోజునకు మూడుసార్లు వేడిమిని, గాలి బరువును కొలిచి, వానను లెక్కించి పట్టికలు వ్రాసెను. అవి లండనులోని రాయల్ సొసైటీ సంచికలలో అచ్చయ్యెను. ఏ పూవు ఏ నెలలో పూచునో తెలియగోరువానికి ఋతువులు ఎట్లు నడచునో తెలియవలెను. తరువాతి కాలమున ఆయన వర్ణనలలో ప్రతి మొక్కకును పూచుకాలము తప్పక కనబడుటకు ఈ అలవాటే మూలము.

1781 ప్రాంతమున ఆయనకు సామర్లకోటకు బదిలీ అయ్యెను. చాళుక్య భీమేశ్వరుడు వెలసిన ఆ యూరిలో అప్పుడు కోటయు, కంపెనీ సైనికుల దండును ఉండెడివి. సైనికులకు వైద్యము చేయుట ఆయన ఉద్యోగము. కాని ఆ స్థలము వృక్షశాస్త్రజ్ఞునకు దొరకిన వరము. ఒకవైపు గోదావరి ఒండ్రు మట్టితో ఏర్పడిన పచ్చని పొలములు, సముద్రతీరము. మరియొకవైపు దట్టమైన అడవులతో నిండిన కొండలు. తడినేల మొక్కలు, ఉప్పునేల మొక్కలు, కొండ మొక్కలు అన్నియు గుఱ్ఱముపై పోయి రాగల దూరముననే దొరకెడివి. ఇంటి ఆవరణను ఆనుకొని ఆయన ఒక తోట వేసెను. రోగులను చూచిన తరువాతి కాలమంతయు ఆ తోటకే చెందెను.

ఈ విద్యలో ఆయనకు ఇరువురు పెద్దలు తోడ్పడిరి. మొదటివాడు జొహాన్ గెర్‌హార్డ్ కోనిగ్. ఈయన లినేయసుకు స్వయముగా శిష్యుడు. తరంగంబాడిలోని డేనిషు స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, తరువాత కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలు సేకరించెను. 1785లో కాకినాడలోని జగన్నాథపురమున ఆయన జబ్బుపడి మరణించినపుడు చెంతనుండి చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే. రెండవవాడు విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్. మన సముద్రపు చేపలను గూర్చియు, కోరమాండల తీరపు సర్పములను గూర్చియు గ్రంథములు వ్రాసిన వైద్యుడీయనయే. కోనిగ్ పోయిన పిదప కంపెనీవారు రస్సెలును తమ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. 1789లో రస్సెల్ స్వదేశమునకు మరలగా ఆ పదవి రాక్స్‌బర్గునకు లభించెను.

ఒక పూవును గుర్తించుట అనగా నేమి? చూడగానే పేరు చెప్పుట కాదు. లినేయసు పద్ధతిలో మొదట పూవును విప్పి, పుప్పొడి ధరించు కేసరములు ఎన్ని గలవో లెక్కింపవలెను. అవి విడివిడిగా నున్నవో, కలిసియున్నవో చూడవలెను. నడుమనున్న కీలములెన్నియో చూడవలెను. ఈ లెక్కనుబట్టి మొక్కలన్నియు 24 తరగతులుగా విభజింపబడెను. తరగతి తెలిసిన తరువాత కాయ, గింజ, ఆకు, బెరడు పరిశీలించి జాతిని నిర్ణయింపవలెను. ఈ పద్ధతి పూవును చేతబట్టినవారికి సులభమైనదే. ఆ పూవును, దాని ఆకును, దాని కాయను ఒకేచోట సంపాదించుటయే కష్టము.

మోదుగు ఈ కష్టమునకు మంచి ఉదాహరణము. ఓడ దిగి పదిదినములుండి మొక్కల రెమ్మలు ఎండబెట్టి తీసికొనిపోవు యాత్రికుడు శీతకాలాంతమున వచ్చినచో పూవు దొరకును, ఆకు దొరకదు. వానకాలమున వచ్చినచో ఆకు దొరకును, పూవుండదు. ఎండిన పూవునకు నిప్పువంటి ఆ రంగును నిలువదు. చెట్టు ప్రక్కనే కాపురముండువాడు మాత్రమే మొగ్గనుండి గింజవఱకు అంతయు చూడగలడు. పది కేసరములలో తొమ్మిది ఒక కట్టగాను, ఒకటి వేఱుగాను ఉండుట. పూవులు రాలిన తరువాత మూడేసి ఆకులు గల రెమ్మలు వచ్చుట. పలుచని కాయ కొసయందు ఒక్కటే గింజ యుండుట. బెరడు గంటుపెట్టినచో ఎఱ్ఱని జిగురు కారుట. పూవుల కషాయమునకు పటిక చేర్చినచో బట్టకు పసుపురంగు పట్టుట - ఇవన్నియు ఏడాది పొడవునను కనిపెట్టి చూచినగాని తెలియవు. రాక్స్‌బర్గు ఈ చెట్టును గూర్చి వ్రాసిన వ్యాసము కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి ఆసియాటిక్ రిసెర్చెస్ మూడవ సంపుటమున ప్రకటితమయ్యెను. బ్యూటియా అను పేరు బ్యూట్ ప్రభువను వృక్షశాస్త్రాభిమాని గౌరవార్థము ఏర్పడినది. అది కోనిగ్ తలపెట్టిన పేరు. మిత్రుడు ప్రకటింపకయే గతించినను, రాక్స్‌బర్గు దానిని మార్చక నిలిపెను.

వసంతమున ఆ తోటలోను, చుట్టుపట్ల అడవులలోను ఆయన చూచిన పూవులెన్నియో కలవు. ఇప్పచెట్టు ఆకురాల్చి, గుత్తులు గుత్తులుగా తియ్యని పూవులను నేలపై కురిపించును. కొండజనులు వానిని ఏరి తినుటయు, సారా కాచుటయు రాక్స్‌బర్గు వ్రాసియుంచెను. సోమిద చెట్టు చలికాలము చివర తెల్లని చిన్నపూల గుత్తులతో నిండును. దాని పది కేసరములు కలిసి చిన్న గొట్టమువలె ఏర్పడును. మన్యపు జ్వరములతో సైనికులు మూలుగుచుండిన ఆ దినములలో ఆయన వైద్యదృష్టి సోమిద బెరడుపై నిలిచెను. అమెరికానుండి వచ్చు సింకోనా బెరడు ప్రియమైనది, తఱచు దొరకనిది. దానికి బదులుగా ఈ బెరడును వాడవచ్చునని ఆయన పరీక్షలు చేసి వ్రాసెను. ఆయనకు పూవును గుర్తించుట వినోదము మాత్రమే కాదు. జ్వరమునకు మందైనదానికిని, దానిని పోలిన మరియొక చెట్టునకును గల భేదమును రూఢిగా తెలిసికొనుట రోగి ప్రాణమునకు సంబంధించిన విషయము.

అట్లు రూఢిచేసికొనుటకు ఆయనకు తెలుగు పేర్లు ఆధారమయ్యెను. కొండకు పంపిన మనుష్యునకు లాటిను పేరు చెప్పి ప్రయోజనము లేదు. సోమిద కొమ్మ తెమ్మనిన తెచ్చును. అందుచేత ఆయన ప్రతి మొక్కకును తెలింగలు ఏమందురో అడిగి, తన భాషలోని అక్షరములతో వ్రాసికొనెను. ఆ పేర్లలో తరతరముల పరిశీలన దాగియున్నదని ఆయనకు అనుభవముననే తెలిసియుండును. ఎఱ్ఱని పెద్దపూవులతో అడవిచెట్ల కెగబ్రాకు ఒక తీగను తెలుగువారు తీగ మోదుగు అనిరి. చెట్టొకటి, తీగ మరియొకటి. పైచూపునకు పోలికయే లేదు. అయినను పూవు, కాయ, మూడాకుల అమరిక చూచి మనవారు రెండింటిని ఒక్క కుటుంబముగా నెంచిరి. రాక్స్‌బర్గు పూవును విప్పి లెక్కించి, రెండును బ్యూటియాలే యని నిర్ణయించెను. పల్లెవాసి కన్నును, శాస్త్రజ్ఞుని లెక్కయు ఇచట ఏకమయ్యెను.

అన్ని చోట్లను ఇట్లే జరుగలేదు. మురికినీటిని తేర్చు చిల్లగింజ చెట్టును, విషపు గింజలు గల ముష్టి చెట్టును తెలుగువారికి వేఱు వేఱు. ఒకటి మేలు చేయునది, ఒకటి చంపునది. వృక్షశాస్త్రము మాత్రము రెండింటిని ఒకే జాతిలో చేర్చెను. వాడుకనుబట్టి వచ్చు పేరు వేఱు, పూవు నిర్మాణమునుబట్టి వచ్చు పేరు వేఱు. రాక్స్‌బర్గు గొప్పతనమేమనగా, ఆయన ఒకదానికొఱకు మరియొకదానిని విడిచిపెట్టలేదు. రెండు పేర్లను పక్కపక్కనే వ్రాసెను.

1787 మే నెలలో కోరంగి తీరమున గొప్ప తుపాను వచ్చెను. సముద్రము పొంగి తీరగ్రామములపై బడెను. వేలకొలది జనులు, లెక్కకు మించిన పశువులు నశించెను. ఆ వెల్లువలో రాక్స్‌బర్గు ఏండ్లతరబడి కూర్చుకొన్న ఎండు మొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు నాశనమయ్యెను. మఱి యొకడైనచో వైద్యవృత్తితో తృప్తిపడి ఊరకుండెడివాడు. ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. చెట్లు వెల్లువకు పోలేదు గదా! మరుసటి వసంతమున అవి మరల పూచెను. పేర్లు చెప్పువారును ఉండిరి. పోయిన కాగితములను మరల వ్రాయుటకు ఈ రెండును చాలియుండెను.

కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడైన తరువాత ఆయన తన పనిని మరింత క్రమముగా సాగించెను. దేశీయ చిత్రకారులను కొలువున నుంచుకొని, ఒక్కొక్క మొక్కను సజీవముగా ముందుంచి చిత్రింపజేసెను. పూవు, రెమ్మ, కాయలతో పాటు, విప్పిన పూవులోని కేసరములు, కోసిన కాయలోని గింజలు విడివిడిగా చిత్రించుట ఆ పటముల ప్రత్యేకత. ప్రతి పటమునకును వర్ణన జతచేసి లండనునకు పంపెను. కొలది సంవత్సరములలో ఇట్లు పంపిన పటములు ఐదువందలకు చేరెను. రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్సు వానిలోనుండి 300 ఏర్పఱచి అచ్చొత్తించెను. కోరమాండల తీరపు మొక్కలు అను ఆ గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు పెద్ద సంపుటములుగా వెలువడెను. మొదటి సంపుటమునకు రస్సెల్ పీఠిక వ్రాసెను. మోదుగు, తీగ మోదుగు, ఇప్ప, సోమిద, ముష్టి, చిల్లగింజ, జీడి, కలంకారీ బట్టలకు ఎఱుపునిచ్చు చిరివేరు - మన పల్లెల మొక్కలు అందులో వరుసగా కానవచ్చును.

ఆ గ్రంథమును చూచినపుడు ఒక లోటు మనస్సునకు తగులక మానదు. వర్ణన వ్రాసిన వైద్యుని పేరు కలదు, అచ్చు వేయించిన ప్రభువుల పేర్లు కలవు. కుంచె పట్టిన తెలుగుదేశపు చిత్రకారుల పేర్లు మాత్రము లేవు. కొండలెక్కి కొమ్మలు తెచ్చినవారి పేర్లును లేవు. వేలకొలది మొక్కల పేర్లను నిలిపిన ఆ మహాకార్యమున ఆ మనుష్యుల పేర్లు నిలువకపోవుట విచారకరము.

కంపెనీవారు ఇంత ధనము వెచ్చించుట పూలపై ప్రేమచేత కాదు. వారికి రంగులు, నారలు, మసాలా దినుసులు, కలప కావలెను. రాక్స్‌బర్గు సామర్లకోటకు ఉత్తరమునగల కొండలలో అడవి మిరియపు తీగలను కనుగొని తోటలో నాటించెను. నీలిమందు, చెఱకు, కాఫీ, పట్టుపురుగులకు మేతయగు మల్బరీ పెంచి చూచెను. లక్క పురుగును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1791లో రాయల్ సొసైటీ సంచికలో అచ్చయ్యెను. యజమానుల లాభమునకై చేసిన ఈ పనుల నడుమనే ఆయన దృష్టి మరియొక విషయముపై పడెను. అది ప్రజల ఆకలి.

1789 మొదలు 1792 వఱకు ఉత్తర సర్కారులను ఘోరమైన క్షామము పీడించెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియగుటకు ఇంకను అరువది యేండ్లు కలవు. వాన రాకున్న పంట లేదు. పంట లేకున్న ప్రాణము లేదు. రాక్స్‌బర్గు కన్నులయెదుటనే జనులు ఆకలిచే మడిసిరి. రోజునకు మూడుసార్లు గాలిని, వేడిమిని కొలిచిన ఆయన, ఈ కఱవులు ఎన్నేండ్ల కొకసారి వచ్చునో యని విచారింపసాగెను. పిఠాపురపు రాజావారి వలన అంతకు నూఱేండ్ల క్రిందటి మహాక్షామమును గూర్చిన వృత్తాంతమును తెలిసికొనెను. వరి, జొన్న ఎండిపోయినను చావని చెట్లను ముందుగానే నాటియుంచవలెనని ఆయన ప్రభుత్వమునకు వ్రాసెను. కొబ్బరి, తాటి, ఈత, పనస, సీమపనస, అరటి మొదలగునవి గట్ల వెంబడి, ఊళ్ల చుట్టును పెంచవలెనని ఆయన సూచన. ఏ చెట్టు ఎండకు తట్టుకొనునో, దేని కాయ ఎప్పుడు పండునో తెలిసినవాడు గనుకనే అట్లు వ్రాయగలిగెను. ఆ సూచనలు ఆచరణలోనికి వచ్చినది స్వల్పమే.

1793లో కలకత్తా వనస్థాపకుడైన కర్నల్ రాబర్ట్ కిడ్ మరణించెను. హుగ్లీ నదీతీరమున శిబ్‌పూరులో 1787లో నెలకొల్పిన ఆ వనమునకు రాక్స్‌బర్గు అధికారిగా నియమింపబడెను. ఆయన సామర్లకోటను విడిచిపోయెను. వెళ్లినప్పుడు ఆ వనమున ఉన్న మొక్కల రకములు సుమారు 300. ఇరువదియేండ్ల పిదప ఆయన విడిచిపెట్టునప్పటికి వాని సంఖ్య సుమారు 3,500. దేశమునలుమూలల నుండియు, తూర్పు ద్వీపముల నుండియు విత్తనములు, అంట్లు వచ్చి అచట నాటుకొనెను. నదికి ఎదురుగా ఆయన కట్టించిన ఇంటికి రాక్స్‌బర్గు భవనమను పేరు నిలిచినది. సామర్లకోటలో అలవరచుకొన్న పద్ధతినే ఆయన అచటను పాటించెను. మొక్కను నాటి, పూచువఱకు వేచి, చిత్రింపజేసి, స్థానికుల నడిగి పేరు వ్రాసెను.

అశోకవృక్షమును శాస్త్రీయముగా గుర్తించినది ఈ కాలముననే. వసంతమున అశోకము పూచుటను వర్ణింపని సంస్కృత కావ్యము అరుదు. సుందరి పాదతాడనమున అది పుష్పించునని కవిసమయము. లంకలో సీత కూర్చున్నది అశోకవనముననే. ఇంత ప్రసిద్ధమైన పూవును విప్పి చూచినచో ఒక విచిత్రము కనబడును. దానికి ఆకర్షకపత్రములే లేవు! రేకులని మనమనుకొనునవి నిజమునకు నాలుగు రక్షకపత్రములు. అవియే మొదట పసుపుకలిసిన నారింజవన్నెతో నుండి, దినములు గడచినకొలది ఎఱ్ఱబాఱును. కేసరములు సామాన్యముగా ఏడు. ఏడు కేసరముల తరగతి లినేయసు పద్ధతిలో మిక్కిలి చిన్నది. రాక్స్‌బర్గు ఈ చెట్టును ఆ తరగతిలో చేర్చి, ఆసియాటిక్ సొసైటీ స్థాపకుడును, సంస్కృత పండితుడును, వృక్షశాస్త్రాభిమానియునైన సర్ విలియం జోన్సు స్మారకముగా జోనీసియా అశోక అని పేరుపెట్టెను. ఆంగ్ల పండితుని పేరునకు పక్కనే దేశీయనామము నిలిచెను.

కలకత్తాలో ఆయనకు దొరకిన ఆప్తమిత్రుడు శ్రీరాంపూరు మిషనరీ విలియం కేరీ. కేరీకి బైబిలు అనువాదములతో సమానముగా పూలతోట ప్రాణము. రాక్స్‌బర్గు ఒక వృక్షజాతికి కేరియా అని మిత్రుని పేరు పెట్టెను. ఆరోగ్యము చెడి 1813లో రాక్స్‌బర్గు భారతదేశమును విడిచిపోగా, ఆయన వనమున నున్న మొక్కల పట్టికను కేరీ 1814లో శ్రీరాంపూరు ముద్రణాలయమున అచ్చువేయించెను. అదే సంవత్సరమున, అదే ముద్రణాలయమునుండి కేరీ రచించిన తెలుగు వ్యాకరణమును వెలువడుట మనకు గమనింపదగిన విశేషము. తెలుగు మాటలను, తెలుగునేల మొక్కలను గూర్చిన రెండు పుస్తకములు ఒకే ఏట, ఒకే చోట అచ్చయ్యెను.

రాక్స్‌బర్గు తిరుగు ప్రయాణములో కొంతకాలము సెయింట్ హెలీనా ద్వీపమున ఆగెను. దేహము సన్నగిల్లినను, అచటి మొక్కలను కూడ పరిశీలించి పట్టిక వ్రాసెను. స్వదేశమునకు చేరి, 1815లో ఎడింబరోలో కాలధర్మము నొందెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ఇండియాలోని మొక్కలన్నింటిని గూర్చి వ్రాసిన మహాగ్రంథమును ఆయన అచ్చులో చూచుకొనలేదు. ఫ్లోరా ఇండికా అను ఆ గ్రంథమున రెండు సంపుటములను కేరీయే 1820లోను, 1824లోను ప్రకటించెను. ఆయన కుమారుల పూనికచే సమగ్రముగా 1832లో మూడు సంపుటములు వెలువడెను. శిబ్‌పూరు వనమున ఆయనకు లాటిను శాసనముతో స్మారకచిహ్నము నెలకొల్పిరి.

ఆయన పెట్టిన పేర్లు తరువాత ఏమైనవో చూచుట ఆసక్తికరము. శాస్త్రమున పేర్లకు ఒక ధర్మము కలదు. ముందుగా ప్రకటింపబడిన పేరే చెల్లును. జోనీసియా జాతియు, అంతకుముందే లినేయసు సారకా అని పేరుపెట్టిన జాతియు ఒక్కటేయని తేలుటచే జోన్సు పేరు తొలగిపోయెను. రాక్స్‌బర్గు గౌరవార్థము ఇతరులు ఒక తీగకు పెట్టిన రాక్స్‌బర్గియా అను పేరును అట్లే పోయి, స్టెమోనా అను పేరు వచ్చెను. కేరియా, బ్యూటియా నిలిచినవి. కాని అశోకమునకు నేడును శాస్త్రీయనామము సారకా అశోకయే. పెద్దల పేరు పోయినను చెట్టు పేరు పోలేదు. సోమిద కథ ఇంకను మనోహరము. రాక్స్‌బర్గు దానిని మహాగని జాతిలో చేర్చి స్వీటీనియా అనెను. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్స్యూ దానిని వేఱు జాతిగా గుర్తించి, రాక్స్‌బర్గు వ్రాసిపెట్టిన తెలుగు పేరునే జాతినామముగా గ్రహించెను. నాటినుండి అది సోమిడా. గోదావరి కొండలలో పలికిన మాట ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కెను. ఆ మాటను మొదట రాక్స్‌బర్గునకు చెప్పినవాడెవడో మనకు తెలియదు. అతడు చెప్పినది మాత్రము చెఱిగిపోలేదు.

రాక్స్‌బర్గు చిత్రింపించిన పటములు రెండున్నర వేలకు పైగా హావ్‌డాలోని ఆ వనమునందు భారత వృక్షశాస్త్ర పరిశీలనశాఖవారి రక్షణలో కలవు. వనమునకు 2009లో ఆచార్య జగదీశచంద్ర బోసు పేరు పెట్టిరి. సామర్లకోట 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లాలో నున్నది. రాక్స్‌బర్గు తోట అచట లేదు. భీమేశ్వరాలయము కలదు, ఉత్తరమున కొండలు కలవు, ఆ కొండలపై ఫాల్గుణమున మోదుగు పూచుచునే యున్నది.

ఉద్యోగములకై స్వస్థలము విడిచి ఢిల్లీలోను, కలకత్తాలోను, నాగపూరులోను నివసించు తెలుగు కుటుంబములకు ఈ చరిత్రలో గ్రహింపదగిన దొకటి కలదు. ప్రభుత్వ క్వార్టరు ముందటి చిన్నతోటలో గాని, వీథి చివరి మైదానములో గాని వసంతమున పూచు చెట్లలో అనేకము మన ఊరి చెట్లే. పేర్లు మాత్రము మారినవి. ఢాక్ అని పొరుగువారు చెప్పినదే మన మోదుగు. కరంజ్ అన్నదే మన కానుగ. అమల్‌తాస్ అన్నదే మన రేల. ఒక పూవును కోసి, రేకులు విప్పి, కేసరములు లెక్కించి, అది ఏ నెలలో పూచినదో ఒక కాగితముపై వ్రాసికొనుటకు శాస్త్రపట్టము అక్కఱలేదు. దాని కిందనే ఇంటిలోని పెద్దలు చెప్పు తెలుగు పేరును వ్రాయించినచో, ఆ పేరు పిల్లల తరమునకు దక్కును. పరదేశమునుండి వచ్చిన వైద్యుడు తనకు తెలియని భాషలో అడిగి అడిగి వ్రాసికొన్న మాటలవి. వానిని అడుగుటకు మన పిల్లలకు భాష అడ్డు కాదు. చెప్పువారు ఇంటిలోనే యున్నారు.